యాదమ్మకు నేను చెప్పిన జవాబు

తొమ్మిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

జూబ్లీహిల్స్‌లో కౌన్సెలింగ్ చేస్తాను. యాదమ్మను ఆమె తమ్ముడు తీసుకొచ్చాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉంటూ షూటింగుల్లో బట్టలు ఇస్త్రీ చేసేది. పదహారేళ్ల కూతురు డెంగీతో పోయింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఎల్లమ్మ పటం ముందు దీపం పెట్టి కూర్చుంటే ఒళ్లంతా వెచ్చబడేదట. తానూ గోడలూ అన్నీ ఒకటైపోయి, కూతురు పక్కనే కూర్చున్నట్టు తెలిసేదట. తర్వాత లేచి పనికి వెళ్లేది. తినేది, నిద్రపోయేది. అక్కకు పిచ్చి పట్టిందేమోనని తమ్ముడి భయం.

ఆమెకు జబ్బేమీ లేదు. అది మొదటి రోజే నాకు అర్థమైంది.

ప్రార్థనలో మెదడు ఎలా మారుతుందో అప్పుడే ఒక శిక్షణలో నేర్చుకుని వచ్చాను. ల్యాప్‌టాప్‌లో మెదడు బొమ్మలు చూపించాను. మనకూ బయటి లోకానికీ మధ్య గీత గీసే చోటు ధ్యానంలో నెమ్మదిస్తుందని, అందుకే అలా అనిపించవచ్చని చెప్పాను. అంతవరకు తప్పులేదు. ఆమె చాలాసేపు ఆ బొమ్మలే చూసింది.

"గట్లయితే నా బిడ్డ వస్తలేదా మేడమ్?"

ఆ ప్రశ్నకు ఆ బొమ్మల్లో జవాబు లేదు. వచ్చిందనీ చెప్పవు, రాలేదనీ చెప్పవు. మాకు నేర్పిన మొదటి పాఠమే అది.

"రావడం లేదు యాదమ్మా. అదంతా మీ మెదడు చేస్తున్న పని."

"గంతేనా," అని లేచింది.

ఎందుకన్నాను? సైన్సు మీద గౌరవంతోనా? కాదు. అంతకు ఏడాది ముందు మా అమ్మ పోయింది. నేనూ నెలల తరబడి దీపం ముందు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇంత చదివిన నాకు దక్కనిది ఈమెకెలా దక్కిందన్న కడుపుమంట తప్ప, ఎంత వెతుక్కున్నా నాలో ఇంకో కారణం కనబడదు.

యాదమ్మ మరో రెండుసార్లు వచ్చింది. దీపం ముందు కూర్చున్నా ఇప్పుడేమీ తెలియడం లేదంది. ఫైల్లో 'భ్రమ తగ్గింది' అని రాశాను. పేరు మార్చి, కొత్తగా చేరిన కౌన్సెలర్లకు నా విజయంగా పాఠం చెప్పాను. ఇప్పుడు వాళ్లు అదే మాట ఇంకొందరికి చెబుతున్నారు.

నిరుడు ఆమె ఇంటికి వెళ్లాను. పని మానేసి ఎనిమిదేళ్లయిందని ఆమె తమ్ముడి భార్య చెప్పింది. పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. యాదమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. తప్పు ఒప్పుకోవాలనే వెళ్లిన దాన్ని, టీ తాగి వచ్చేశాను.

ఇది రాసినందువల్ల ఆమెకు తిరిగొచ్చేదేమీ లేదు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పాను. కావాలనే చెప్పాను. ఈ రెండు ముక్కలు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ మాత్రానికైనా నాకు హక్కుందో లేదో.