కళ్లు మూసుకున్న సేపు

మార్త లాలాగూడలో బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చోవడం, శనివారం చర్చి ఊడ్చడం ఆమె పని. భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ పోయాడు. పిల్లలు లేరు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు ఆ పేటే ఇల్లు.

కిందటేడు వేర్వేరు క్రైస్తవ మిషన్లు కలిసి ఒకే సంఘమయ్యాయి. ఆ ప్రాంతపు చర్చిలన్నిటినీ చూసుకునే మండల సభ పట్టాల అవతలి మందిరాన్ని మూసి, అక్కడి జనాన్ని మార్త వాళ్ల చర్చిలో కలిపింది. కలిపి ఊరుకోలేదు. రెండు జనాలనూ ఒకటి చెయ్యమని నెలకోసారి పాస్టరు దేవానందం అయ్యగారిని పంపేది. ఆయన కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ప్రతిసారీ ఒకటే మాట: "మేం బలవంతం చెయ్యమండీ. మీరు ఒప్పుకోవాలి." ఏడాది గడిచినా పాతవాళ్లు కుడివైపు, కొత్తవాళ్లు ఎడమవైపు. వండే ముందు ప్రతి ఇల్లాలూ తీసిపెట్టి ఆదివారం తెచ్చే పిడికెడు బియ్యానికి రెండు గంపలు.

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం పోయింది. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల ఇళ్ల మీద దాడులు జరిగి, పట్టాల వెంట మనుషులు నడిచి రావడం మొదలైంది.

అలా వచ్చింది రసూల్ బీ. మెదక్ వైపు పల్లె. వెంట పదిమంది ఆడవాళ్లూ పిల్లలూ. భుజం మీద ఆరేళ్ల మనుమరాలు మెహరాజ్, ఒళ్లు కాలిపోతూ. మగవాళ్ల సంగతి ఆమె చెప్పలేదు, మార్త అడగలేదు. చర్చిని ఆనుకున్న బడిగది తాళం తీసింది. రెండు గంపల బియ్యం ఒకే గిన్నెలో పోసి వండింది.

సంఘపెద్ద జకర్యా సాయంత్రానికే వచ్చాడు.

"ఏందీ మార్తమ్మా, ఎవలనడిగి తెరిచినవ్?"

"తాళంచెవి నా తాననే ఉండె అన్నా."

"చెవి ఉంటే ఇల్లు నీదైతదా? రజాకార్లు నా తమ్ముని ఇల్లు గాలబెట్టిన్రు. నేను మర్సిపోలే."

"ఈ ముసల్దా అగ్గిపుల్ల గీసింది?"

జకర్యా గది వైపు చూడలేదు. "సోమారం బడి షురూ. అప్పటిదాంక ఉండనియ్యి. గంతే."

మర్నాడు మార్త సికింద్రాబాదు దాకా నడిచి వెళ్లి మండల సభకు చెప్పుకుంది. ఆదివారం దేవానందం సైకిలు మీద వచ్చి, ఆరాధన అయ్యాక సభ తీర్మానం చదివాడు. వచ్చినవాళ్ల మతం అడగవద్దు. సోమవారం నుంచి బియ్యం సభ పంపుతుంది. పిల్లను చూడడానికి మంగళవారం నర్సు వస్తుంది. గది మాత్రం సంఘం ఇవ్వాలి.

"మేం బలవంతం చెయ్యమండీ," అన్నాడు.

ఆ సంఘంలో ఒక అలవాటుంది. మాట మీద మాట పెరిగేలా ఉంటే మోకరించి సంగతి ప్రార్థనలో పెడతారు. ప్రార్థించేవాళ్లను ఎవరూ ఆపకూడదు. అందుకని మనిషి ముఖం మీద అనలేనివన్నీ కళ్లు మూసుకుని దేవుడితో గట్టిగా చెప్పుకుంటారు.

జకర్యా మొదలుపెట్టాడు. "ప్రభువా, పాముకు పాలు పొయ్యమని నువ్వెక్కడా చెప్పలే."

ఎడమవైపు నుంచి విమలమ్మ అందుకుంది. "తండ్రీ, మా పిల్లలకే గంజి లేదు. మమ్ముల అడగకుంట మా గంప సుత ఒంపిన్రు. నువ్వు చూస్తనే ఉన్నవు."

"ప్రభువా," అంది కుడివైపు నుంచి ముసలి ఆలిస్, "రంజాన్‌కు వాళ్ల ఇండ్లల్ల సేమ్యా తిన్నప్పుడు మా జకర్యా మర్దికి పాము యాదికి రాలే. ఇప్పుడెట్లొచ్చిందో జెర నువ్వే అడుగు."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఇంకెవరో దగ్గారు. ప్రార్థన వెంట ప్రార్థన నడిచింది. పోలీసులొస్తారన్నారొకరు. బడి మైల పడిందన్నారొకరు. మార్త వంతు వచ్చింది. ఇరవై రెండేళ్లు ఊరందరి కోసం ప్రార్థించిన మనిషి ఒక్క మాటే చెప్పుకుంది.

"పిల్లకు జ్వరం ప్రభువా," అంది. మళ్లీ అదే అంది.

చివరికి జకర్యా గొంతు వినిపించింది.

"ప్రభువా, నాకు పగ పోతలేదు. పోకున్నా సరే. వాళ్లను ఉండనియ్యి."

రెండు వైపులా ఒకేసారి ఆమెన్ అన్నారు. కలిసిన ఏడాదిలో అలా అనడం అదే మొదటిసారి.

మార్త పరుగున బడిగదికి వెళ్లింది. గది ఖాళీగా ఉంది. చాపలు చుట్టి ఉన్నాయి. గిన్నె తోమి బోర్లించి ఉంది. చర్చికీ ఆ గదికీ మధ్య గోడ సగం ఎత్తే. అంతమంది కళ్లు మూసుకుని ఉండగా, చర్చి తెరిచిన తలుపు ముందు నుంచే పదకొండుమంది నడిచి వెళ్లిపోయారు.

రైలు గేటు దగ్గర అందుకుంది వాళ్లను.

"అమ్మా, ఆగు! ఒప్పుకున్నరు. అందరొప్పుకున్నరు!"

రసూల్ బీ ఆగింది. "విన్న బిడ్డా. షురూ నుంచి అన్నీ విన్న. ఆ ఆఖరు మాట మీ తలుపు ముంగట పోతుంటె విన్న."

"ఆఖరుకు ఉండమన్నరు గదా."

"అన్నరు. మంచోళ్లే. కానీ గంతసేపు మీరు మా పంచాయితి దేవునికి చెప్తుంటే, గోడ పక్కన ఆ బియ్యం ఎట్ల మింగాలె నేను?"

"పిల్లను సూడమ్మా. ఎల్లుండి నర్సమ్మ వస్తది. పిల్లనన్న ఉంచు."

రసూల్ బీ మెహరాజ్‌ను రెండో భుజానికి మార్చుకుంది. "నాకు ఈ ఒక్కతే మిగిలింది," అంది. "మా ఎంబడి రాకు తల్లీ. నీ కాళ్లు మొక్కుత."

వాళ్లు పట్టాలు దాటారు. గూడ్సు బండి వచ్చింది. అది పోయేసరికి అవతలి దారిలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

సోమవారం సభ పంపిన బియ్యం వచ్చింది. వాళ్లు తిరిగొస్తే గది కావాలని జకర్యా బడి మొదలుపెట్టనివ్వలేదు. పనికి పోకుండా, సాయంత్రం దాకా గది గడప మీదే కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

మంగళవారం నర్సు ఎమిలీని వెంటబెట్టుకుని మార్త మల్కాజ్‌గిరి తిరిగింది. అక్కడ లేకపోతే మౌలాలి వెళ్లింది. గుట్ట కింద, చెట్ల నీడన, అలాగే పల్లెలు వదిలి వచ్చినవాళ్లు వందల మంది కూర్చుని ఉన్నారు. మార్త గట్టిగా పిలిచింది.

"రసూల్ బీ!"

నలుగురు ఆడవాళ్లు తలెత్తి చూశారు. ఆ నలుగురిలో ఆమె లేదు.