మా బావ మెల్కియాదెస్, సొరచేప మింగిన మనిషి

నేను మా ఊరి బడిలో ఆరు తరగతులు చదివాను. ఆ పైన బడి లేదు. అయినా సముద్రపు చిప్పల వేటగాళ్ళ సహకార సంఘానికి పద్దెనిమిదేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాను. మా ఊరు ఎల్ సాలిత్రెకు తారురోడ్డు వేయించింది నేను. కరెంటు స్తంభాలు పాతించింది నేను. సినిమావాళ్ళు వచ్చి మా తీరాన పెద్ద ప్రహరీ కట్టి, సముద్రం పక్కనే ఇంకో సముద్రంలాంటి నీళ్ళతొట్టి కట్టుకున్నాక, నీళ్ళలో చావడం ఎలాగో నూట నలభైమందికి నేర్పింది కూడా నేనే. ఏడు సినిమాల్లో కనిపించాను. మూడింట్లో మునిగిపోయాను, రెండింట్లో కాల్చేశారు, ఒకదానిలో కలరా వచ్చి పోయాను. ఏడోది పెద్ద సొరచేప సినిమా. అందులో చివరిదాకా బతికి ఒడ్డున నిలబడ్డాను. మా బావ పోయాడు. ఇది ఆయన సంగతి.

మెల్కియాదెస్ అర్సె మా అక్క ఎలోదియా భర్త. గాలిగొట్టం పళ్ళ మధ్య కరుచుకుని పదిహేను బారల లోతుకు దిగి, రాళ్ళను కరుచుకున్న చిప్పలను ఇనుప పలుగుతో పెకలించడంలో మా తీరం మొత్తం మీద ఆయనకు సాటి లేదు. ముప్ఫై తొమ్మిదో ఏట ఒకరోజు ఆయన అడుగున ఉండగా పైన పడవలో గాలియంత్రం ఆగిపోయింది. ఒక్క ఉదుటున పైకి వచ్చాడు. అలా వస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి కీళ్ళను తినేస్తుంది. ఆయనకు ఎడమ తుంటిని తినేసింది. డాక్టరు ఇక లోతుకు దిగవద్దన్నాడు. చల్లనీళ్ళు కూడా పడవన్నాడు. మా సముద్రమేమో ఏడాది పొడుగునా చల్లనే. వేటగాళ్ళ జాబితాలోంచి ఆయన పేరు కొట్టేయవలసింది అధ్యక్షుడు. నా చేత్తోనే కొట్టేశాను.

ఆ తరువాత నాలుగేళ్ళు ఆయన సంఘం షెడ్డు ముందు పెట్టె మీద కూర్చుని చిప్పలు తోముతూ గడిపాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చేవాడు, ఈడ్చుకుంటూ వెళ్ళేవాడు. మాట తగ్గిపోయింది. మా అక్క వండిన బీన్స్ కంచంలోనే ఎండిపోయేవి.

సినిమా తొట్టి లోతు రెండున్నర బారలే. యాక్టర్లు వణకకుండా ఆ నీళ్ళు వెచ్చబెడతారు. నేను ఆయన్ని భుజం పట్టి అక్కడికి తీసుకెళ్ళాను. మెట్లు దిగేటప్పుడు పళ్ళు బిగబట్టాడు. నీళ్ళు నడుం దాటగానే కాలు తిన్నగా సాగింది. అటు చివరిదాకా ఈది, తిరిగి వచ్చి, గట్టు పట్టుకుని నా వంక చూశాడు.

"ఒరేయ్ బావమరిదీ, నన్నింక ఇక్కడే చంపించు. ఎన్నిసార్లయినా సరే" అన్నాడు.

ఆ తొట్టి ఒక్కటే ఆయనకు మిగిలిన నీళ్ళు.

నేను నేర్పేది ఒకటే పాఠం. చచ్చినవాడు కదలడు. రెప్ప ఆడకూడదు, వేలు ముడుచుకోకూడదు, నీరు ఎటు తోస్తే అటు పోవాలి. మా బావ మూడు నిమిషాలు బోర్లా తేలేవాడు. ఒకసారి కొత్త డైరెక్టరు నిజంగా పోయాడనుకుని డాక్టరును పిలిపించాడు. నా శిష్యులందరిలోకీ పనికిరానిది మా వదిన ఒబ్దూలియా, నా భార్య అక్క. నీళ్ళలో పడుకోగానే ఆమెకు నవ్వొస్తుంది. శవానికి పొట్ట కదిలితే ఎలా?

"ఏం చెయ్యను మరిదీ, మావాళ్ళంతా నవ్వుతూనే పోయారు" అనేది.

సొరచేప సినిమాలో మా బావకు రెండు పనులు దొరికాయి. ఒకటి, హీరోకు బదులు నీళ్ళలో ఈదడం. హీరో వేషం ఏడు సముద్రాలు ఈదిన కెప్టెన్ది. ఆ వేషం వేసిన ఆయన మాత్రం ముఖం నీళ్ళలో పెట్టలేడు. చిన్నప్పుడు బావిలో పడ్డాడట. భుజాలూ మెడా మా బావవే సరిపోయాయి. కెప్టెన్ ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళే ప్రతిసారీ అది మా బావే. రెండోది, ఒక ముసలి జాలరి వేషం. కథలో సొరచేప ముందు కోటీశ్వరుణ్ణి మింగుతుంది, తరువాత వంటవాణ్ణి, ఆ పైన తెలివైన డాక్టరమ్మ తమ్ముణ్ణి. జాలరిని చివరి వారం దాకా ఉంచుతుంది. అది మింగినవాళ్ళకు ఆ సినిమాలో మళ్ళీ పిలుపు ఉండదు కనుక, ఆలస్యంగా చావడం మాలో పెద్ద అదృష్టం.

సొరచేప అంటే నాలుగు మూరల ఆకుపచ్చ రబ్బరు దిమ్మ. నలుగురు మనుషులు తాళ్ళతో లాగుతారు. పళ్ళూ తోకా తరువాత కంప్యూటర్లో పెడతారట.

"దీనికి నోరేదయ్యా? నన్నెక్కణ్ణించి మింగుతుంది?" అని ఒబ్దూలియా వదిన నవ్వి నాలుగు షాట్లు పాడుచేసింది.

ఒకరోజు హీరో తువ్వాలు కప్పుకుని మా బావ పక్కన కూర్చున్నాడు. మా మనుషులను చూసుకునే హిమేన అనే తిహువానా పట్నపు అమ్మాయి వాళ్ళిద్దరి మధ్యా మాటలు అటూ ఇటూ చెప్పింది.

"లోపల నీకు భయం వెయ్యదా అని అడుగుతున్నాడు."

"నాకు భయం బయటేనమ్మా. ఈ మెట్లు ఎక్కాలంటే భయమని చెప్పు."

హీరో ఆ మాట విని చాలాసేపు మా బావ కాలి వంక చూశాడు. మర్నాటి నుంచి మెట్లు ఎక్కేటప్పుడు తన చెయ్యి అందించేవాడు. మంచివాడే.

చివరి వారంలో మా బావను మింగించారు. ఆయన రెండు చేతులూ చాచి, తల వెనక్కి వాల్చి, ఆకుపచ్చ దిమ్మ కిందికి మెల్లగా వెళ్ళిపోయాడు. గట్టు మీదున్న తెల్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేర్పింది నేనని హిమేన వాళ్ళకు చెప్పింది. డైరెక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ మర్నాడే మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచారు. గుండ్రటి గది. చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా కెమెరాలు, వందకు పైనే. ఒక్కొక్కరు మధ్యలో నిలబడాలి, ఐదు నిమిషాలు. ముందుగా పద్నాలుగు పేజీల కాగితం మీద సంతకం. మావాళ్ళు ఏ కాగితమైనా నాకు చూపించే సంతకం పెడతారు. అధ్యక్షుడిగా మంత్రిగారి కాగితాలే చదివినవాణ్ణి. మొదటి రెండు పేజీలు చదివాను.

"ఏం రాశారు బావమరిదీ?" అన్నాడు మా బావ.

"సినిమా కోసం బొమ్మలు తీసుకుంటారట. పెట్టెయ్ బావా."

పెట్టేశాడు. సాక్షిగా నేనూ పెట్టాను.

"లోపల కదలకూడదండీ. కొంచెం కదిలినా చెడిపోతుంది" అంది హిమేన.

"ఆ మాట మా బావకా చెప్తున్నావు?" అన్నాను. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ గుర్తుచేశాను కూడా. "బావా, శవం పాఠం."

ఆయన ఐదు నిమిషాలు నిలబడ్డాడు. తుంటి నొప్పితో చెమట కారిపోతున్నా ఒళ్ళు కదల్లేదు. ఒక్కసారికే అయిపోయింది. ఒబ్దూలియా వదినను మూడుసార్లు నిలబెట్టారు. మూడుసార్లూ నవ్వింది. చివరికి యంత్రం కుర్రాడు విసుక్కుని, "ఈవిడ వద్దు, పంపించెయ్యండి" అన్నాడు.

"చూశావా మరిదీ, నా మొహం వంద కెమెరాలు కలిసి పట్టుకోలేకపోయాయి!" అంటూ బయటికి వచ్చింది. నాకు సిగ్గేసింది. నా శిష్యురాలు కదా.

రెండేళ్ళకు సొరచేప సినిమా రెండో భాగం మొదలైంది. పిలుపు జాబితా ఎప్పటిలాగే నేను షెడ్డు ముందు నిలబడి చదివాను. ఒబ్దూలియా వదిన పేరు ఉంది. కొత్తవాళ్ళ పేర్లు ఉన్నాయి. మా బావ పేరు లేదు. ఆ గదిలో బాగా నిలబడ్డవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు.

"మర్చిపోయుంటారు. వెళ్ళి అడుగుదాం పద" అన్నాను.

ఆయన ఈతబట్టలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర కాపలా కుర్రాడు పలకలాంటి ఫోను మీద వేలితో వెతికాడు.

"మెల్కియాదెస్ అర్సె... ఉన్నారే! లోపలే ఉన్నారని చూపిస్తోంది."

"ఇక్కడ నిలబడ్డాడు కదరా" అన్నాను.

"కనబడుతూనే ఉన్నారు మాస్టారూ. ఇందులో మాత్రం లోపలున్నారనే ఉంది. ఒకే మనిషిని రెండుసార్లు ఎలా పంపను?"

హిమేన వచ్చింది. మా బావ చేతిలోని సంచి చూసి కళ్ళు దించుకుంది.

"మెల్కియాదెస్ గారూ, ఈసారి మీరు రానక్కర్లేదు. మీరు మా దగ్గరున్నారు. ఆ రోజు గదిలో తీసినదాంతోనే కంప్యూటర్లో ఈదిస్తారు, మింగిస్తారు. కాగితంలో ఉంది. తొమ్మిదో పేజీ."

"నేను ఈ తొట్టికి నూట నలభైమందిని తయారుచేసి ఇచ్చినవాణ్ణి. నా మాటకు..." అని మొదలుపెట్టాను.

"తెలుసు మాస్టారూ. అందుకే ఇంత బాగా వచ్చింది. ఆయనది వెంట్రుకైనా చెదరలేదు."

తువ్వాళ్ళు మోసే పనైనా ఇప్పించమన్నాను. తుంటి అలా ఉన్నవాణ్ణి తడి గట్టు మీదికి రానివ్వరట. ఒక్క పూట ఊరికే నీళ్ళలో దిగనివ్వమన్నాను. ఆమె అడిగి వస్తానని వెళ్ళింది. మేము గోడ నీడలో రెండు గంటలు నిలబడ్డాం. ఆమె రాలేదు. లోపల నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు గోడ మీదుగా వినిపిస్తూనే ఉంది. మా బావ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పద" అన్నాడు.

ఆ వారమే ఆయన సముద్రంలో దిగాలని చూశాడు. చల్లదనానికి తుంటి కొయ్యబారిపోతే ఇద్దరం పట్టి లాక్కొచ్చాం. మా అక్క ఆయన ఈతబట్టలు దాచేసింది.

సినిమా తయారయ్యాక సంఘం షెడ్డు గోడ మీద దుప్పటి కట్టి వేశారు. అది కూడా నా ఏర్పాటే. ఊరంతా వచ్చింది. మా బావ తెప్ప మీద కనిపించాడు, మింగింది. వంతెన మీద ఇంకో చొక్కాలో కనిపించాడు, మింగింది. రేవులో గడ్డంతో పరిగెత్తాడు, మింగింది. పిల్లలు వేళ్ళు మడుస్తూ "తాతా, నాలుగు! తాతా, ఐదు!" అని అరిచారు. దుప్పటి మీది మనిషి కాలు ఈడ్చడం లేదు. చక్కగా పరిగెత్తుతున్నాడు. మా బావ పెట్టె మీద కూర్చుని చూస్తున్నాడు.

"కాళ్ళు తప్పుగా ఆడిస్తున్నాడు. అలా తంతే నీళ్ళు ఒప్పుకోవు" అన్నాడు మెల్లగా.

అందరూ వెళ్ళాక దుప్పటి మడుస్తున్నాను. ఆయన లేవలేదు.

"బావమరిదీ, ఆ గదిలో నేను కదిలుంటే?"

"చెడిపోయేది."

"అప్పుడు నన్ను పిలిచేవాళ్ళా?"

ఒబ్దూలియాను పిలుస్తున్నారుగా. "పిలిచేవాళ్ళే బావా" అన్నాను.

తల ఊపాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మూడో భాగం తీస్తున్నారు. రోజూ ఉదయం వ్యాను షెడ్డు ముందు ఆగుతుంది. "అన్నయ్యా, ఇవాళ కూడా మీరే నా పక్కన చచ్చేది. మీరున్నట్టే గాలితో మాట్లాడుకోవాలి నేను!" అని ఒబ్దూలియా వదిన కిటికీలోంచి అరుస్తుంది. మొదట్లో ఆయన చెయ్యి ఎత్తేవాడు. ఇప్పుడు ఎత్తడు. చిప్పలు తోమడం కూడా మానేశాడు. పెట్టె మీద కూర్చుని ఉంటాడు, రెప్ప ఆడదు, వేలు ముడుచుకోదు. మా అక్క వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి వెళ్తుంది.

నూట నలభైమందికి నేర్పాను. ఆయనంత బాగా ఎవరూ నేర్చుకోలేదు.