విభూతి కడుపు, వదిన పగ

మొన్న ఆదివారం మధ్యాహ్నం పులుసుకి పోపు వేస్తుంటే బెల్ మోగింది. మా పై అంతస్తులో అద్దెకుండే అమ్మాయి, వరంగల్ నుంచి ఢిల్లీకి సివిల్స్ చదువుకోవడానికి వచ్చిన పిల్ల, తువ్వాలులో చుట్టిన పిల్లికూనని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బేర్ సరాయ్‌లో గది యజమాని పిల్లిని పెంచడానికి వీల్లేదన్నాడని, ఈ కూన కోసమే గది మారి మా వసంత్ కుంజ్ దాకా వచ్చింది పాపం. "ఆంటీ, పొద్దుగాల్నుంచి నీళ్ళలెక్క పోతున్నది. ఏం తిన్నదో సమజైతలేదు. జర చూస్తరా?" అంది కళ్ళనిండా నీళ్ళతో. ఏం పెట్టావని అడగాలి కదా ముందు. నేను అడగలేదు. చూపుడువేలితో కూన పెదవి పైకెత్తి దవడ పళ్ళు చూశాను. వయసుకి తగ్గట్టే ఉన్నాయి. "గిదెక్కడ నేర్చిన్రు ఆంటీ?" అని ఆశ్చర్యపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనీ, అందాకా పాలు పట్టొద్దనీ చెప్పి పంపించి వచ్చేసరికి పోపు కాస్తా మాడిపోయింది. ఆ కమురు వాసనలో కూర్చుని మా వదినని తలుచుకుని నవ్వుకున్నాను. అది అంత మంచి నవ్వేమీ కాదు.

వదినంటే మా ఆయనకి అక్కయ్య. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగే ధైర్యం మా వాళ్ళెవరికీ లేకపోయింది. కాకినాడ నుంచి ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, ఒక మంత్రిత్వ శాఖలో మెట్టు మెట్టుగా పైకొచ్చి, చివరికి మా ఎదురు ఫ్లాట్లోనే స్థిరపడింది. పార్లమెంటులో సభ్యులు అడిగే ప్రశ్నలకి జవాబులు రాసి పెట్టడం ఆవిడ పని. అబద్ధం ఆడకూడదు, అలాగని దేన్నీ ఒప్పుకోనూ కూడదు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి గొంతు పెంచి మాట్లాడే అవసరం ఉండదు. కోపమొస్తే మరింత మర్యాదగా మాట్లాడేది, అంతే. కోపం పోవడమన్నది మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడో ఏదో పెళ్ళిలో "నల్లగా ఉన్నా కళగా ఉంటుందిలే" అన్న దూరపు బంధువు చేతి మంచినీళ్ళు కూడా ఆవిడ ఈనాటికీ ముట్టదు. కళగా ఉందన్నారు కదా వదినా అంటే, "ఆ 'ఉన్నా' ఉంది చూశావూ, దానికి" అనేది.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి పిల్లిని పెంచుకోవాలని పుట్టింది. మోకాలికి ఆపరేషనయి ఇంట్లో కూర్చున్న రోజులవి. కర్ర ఊతంతో నడవడం మొదలుపెట్టగానే నన్ను వెంటబెట్టుకుని, మా పక్క బ్లాకులో పిల్లికూనల్ని అమ్మే ఆంటీ ఇంటికి బయల్దేరింది. ఆ ఆంటీ డ్రాయింగ్ రూమ్ అంతా మఖమల్ సోఫాలు, అగరొత్తుల పొగ. సిల్కు దిండు మీద బూడిదరంగు కూనొకటి, అరచేతిలో ఇమిడేంత. "ఢాయీ మహీనే కా హై జీ, ఏక్‌దమ్ హెల్దీ. ఆంఖే దేఖియే, నీలీ! యే స్పెషల్ బ్రీడ్ మే హీ ఆతా హై" అందావిడ. రెండున్నర నెలల పిల్ల అట, ఆ నీలికళ్ళు మేలుజాతి గుర్తట. రోజూ వందమంది మాటల్లో లొసుగులు వెతికే మా వదిన ఆ నీలికళ్ళ ముందు చిన్నపిల్లయిపోయింది. దాని రంగు చూసి విభూతి అని అక్కడే పేరు పెట్టేసింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా "వాడు నాకేసి చూశాడమ్మాయ్, చూశావా నువ్వు?" అంటూనే ఉంది.

రెండోరోజు నుంచే విరేచనాలు. పసుప్పచ్చగా, నీళ్ళలా, ఇల్లంతా తట్టుకోలేనంత వాసన. ఇక చూడండి, మా బ్లాకు బ్లాకంతా డాక్టర్లయిపోయారు. ఏసీ గాలి పడలేదన్నారు మా ఆయన. నజర్ తగిలిందని పనిచేసే దీదీ మిరపకాయలతో దిష్టి తీసి వాటిని పొయ్యిమీద వేస్తే, పిల్లి తుమ్మింది, మేమూ తుమ్మాం. పెరుగన్నం పెట్టమన్నాను నేను. బాల్కనీలో మనీప్లాంట్ ఆకు కొరికి ఉంటుందన్నారు కింది ఫ్లాట్ అంకుల్. అమ్మిన ఆంటీకి ఫోన్ చేస్తే "దూధ్ పిలాయియే జీ, సబ్ ఠీక్ హో జాయేగా" అంది. పాలు పట్టాం. విరేచనాలు రెట్టింపయ్యాయి. ఒకరోజు చేపముక్క, ఒకరోజు డబ్బాలో మేత, ఇంకోరోజు గంజి. వదిన కర్ర పక్కన పడేసి నేలమీద కూర్చుని, దాని వెనకభాగం గోరువెచ్చని నీళ్ళతో తుడుస్తూ ఉండేది. తన అన్నం సంగతి మర్చిపోయేది. నాలుగోరోజుకి విభూతి తల ఎత్తలేకపోయింది. చర్మం పట్టుకుని లాగి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చిన్నవయసే, మలయాళీ అమ్మాయి. ముందు సెలైన్ ఎక్కించి, తర్వాత నోరు తెరిచి చూసి, "ఎన్ని నెలలదని చెప్పారు మీకు?" అని ఇంగ్లీషులో అడిగింది. వదిన చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. దవడ పళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు, దీనికి ఐదు వారాలుంటే గొప్ప అంది. కళ్ళ సంగతి వదిన అడిగింది, చాలా చిన్నగా. ఆ వయసులో పిల్లికూనలన్నిటికీ కళ్ళు నీలంగానే ఉంటాయని, పెరిగేకొద్దీ మారతాయని చెప్పిందావిడ. కారణం ఒక్కటే కాదంది. ఇంకో నాలుగు వారాలైనా తల్లి దగ్గర ఉండాల్సినదాన్ని పాలు మానకముందే వేరు చేయడం, కడుపునిండా నులిపురుగులు, కొత్తచోటి బెదురు, దానిమీద ఆవుపాలు, రోజుకో మేత మార్చడం. ఇంట్లో పెరిగే కూనలు దారాలూ రబ్బరు బ్యాండ్లూ మింగినా ఇలాగే అవుతుందట కానీ, దీని పొట్టలో అలాంటిదేమీ తగల్లేదట. "పాలు మేమే పట్టాం" అంది వదిన సూటిగా. "తెలీక పట్టారు. అమ్మినవాళ్ళు మాత్రం తెలిసే ఇచ్చారు. పోయిన నెల అదే ఇంటి నుంచి వచ్చిన కూనని నేను బతికించలేకపోయాను" అంది డాక్టరమ్మ. వదిన కళ్ళజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ క్షణాన ఆవిడ ముఖం చూసి నాకు అమ్మిన ఆంటీ మీద జాలేసింది.

విభూతి బతికింది. నులిపురుగుల మందు, ఒకటే రకం మేత, కొంచెం కొంచెంగా రోజుకి చాలాసార్లు. అది లేచి నడిచిన సాయంత్రమే వదిన ఆ ఆంటీ ఇంటికి వెళ్ళింది, తోడు నేను. "దీని తల్లిని ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది హిందీలో, ఎంతో మర్యాదగా. తల్లి నిద్రపోతోందంది ఆవిడ. బాత్రూమ్ తలుపు వెనకనుంచి పిల్లి అరుపు వినబడుతూనే ఉంది. డాక్టరు చెప్పినదంతా వదిన చెప్పింది. ఆవిడ నవ్వి, "అరే మేడమ్, బిల్లీ హీ తో హై. మర్ జాయే తో దూస్‌రీ లే జానా" అంది. పిల్లే కదా, చస్తే ఇంకోటి పట్టుకెళ్ళమని. వదిన నమస్కారం పెట్టి బయటికొచ్చింది. మెట్ల దగ్గర ఆగి, "ఈవిణ్ణి వదలనమ్మాయ్" అంది.

ఆ ఆంటీ ఇంటి ఎదురుగా పార్కు గేటు పక్కన సిమెంటు బెంచీ ఒకటుంది. మర్నాటి నుంచి సాయంత్రాలు వదిన మకాం అక్కడే. ఒళ్ళో బుట్ట, బుట్టలో విభూతి, పక్కన ఫ్లాస్కులో కాఫీతో నేను. నిజం చెప్పొద్దూ, ఆ నెలల్లో ఉన్నంత హుషారు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కారు ఆగి పిల్లలతో ఎవరైనా ఆ గుమ్మం కేసి నడిస్తే చాలు, వదిన తియ్యగా పిలిచేది. "బేటా, బిల్లీ లేనే ఆయే హో? బహుత్ అచ్ఛా. బస్, ఉస్‌కే దాంత్ దేఖ్ లేనా." పళ్ళు చూడండి, తల్లిని చూపించమనండి, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో అడగండి. ఇంతే చెప్పేది. ఒక్క నింద లేదు, ఒక్క అబద్ధం లేదు. వాళ్ళు లోపలికి వెళ్ళి ఆ మూడూ అడిగి ఉత్తచేతులతో బయటికొస్తుంటే, నేను కాఫీ పోసేదాన్ని. ఆంటీ గార్డుని పంపించింది. "మై తో హవా ఖా రహీ హూఁ, భయ్యా" అంది వదిన. గాలి పోసుకుంటున్నానంటే పాపం అతనేం చేస్తాడు? కాలనీ సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. ఆయనకి కాఫీ ఇచ్చి, విభూతి జబ్బు వర్ణన మొదలుపెట్టింది, రంగూ చిక్కదనంతో సహా. సగం కప్పు వదిలేసి వెళ్ళిపోయాడు.

దీపావళి ముందు మా కాలనీలో మేళా జరుగుతుంది. ఆ ఏడు ఆంటీ అక్కడ స్టాల్ పెట్టి, గులాబీ రిబ్బన్లు కట్టిన కూనల్ని బుట్టలో వరసగా కూర్చోబెట్టింది. చుట్టూ పిల్లల గుంపు. వదిన కర్ర టకటకలాడించుకుంటూ తిన్నగా స్టేజీ ఎక్కింది. తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్న కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకుని, శుద్ధమైన ఆఫీసు హిందీలో, "సభీ నివాసియోం కో సూచిత్ కియా జాతా హై" అని మొదలుపెట్టింది. కాలనీవాసులందరికీ తెలియజేయడమైనది ఏమనగా, ఫలానా స్టాల్లో రెండున్నర నెలలవని చెబుతున్న కూనలకి దవడ పళ్ళు రాలేదు. కొనదలచినవారు వాటి నోరు తెరిచి చూసుకోగలరు. చూడకుండా కొన్నవారు రెండోరోజుకి పాత న్యూస్‌పేపర్లు సిద్ధం చేసుకోగలరు. మేళా అంతా గొల్లున నవ్వింది. ఓ సర్దార్జీ అప్పటికే ఒక కూన నోరు తెరిచి వేలు పెట్టి చూస్తున్నాడు. "దాంత్ కహాఁ హై జీ?" అని ఆయన అరిచిన అరుపు మైకు లేకుండానే ఎక్కడో ఉన్న మునిర్కా దాకా వినబడి ఉంటుంది. "ఝూఠ్ బోల్‌తీ హై!" అబద్ధమాడుతోందని ఆంటీ అరుస్తూనే బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. రిబ్బనొకటి జారి నేలమీద పడింది. వదిన దిగొచ్చి చాట్ తిందామంది. మోకాలు ఆపరేషనయ్యాక ఆవిడ అంత ఇష్టంగా తినడం అదే మొదలు.

ఆ తర్వాత ఆ ఇంటికి కొనడానికొచ్చినవాళ్ళెవరూ లేరు. మేళా సంగతి ఫోన్లలో కాలనీలన్నీ చుట్టేసింది. ఎవరో జంతుసంక్షేమం వాళ్ళు వచ్చి లైసెన్సు అడిగి వెళ్ళారని కూడా విన్నాం. వాళ్ళని పిలిచిందెవరో నేను వదినని అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఏడాది తిరిగాక ఒక చలికాలపు పొద్దున వదిన తలుపు ముందు ఆ ఆంటీ నిలబడి ఉంది. మఫ్లర్ చుట్టుకుని, బాగా చిక్కిపోయి. చేతిలో బుట్ట. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందట, ముసలి పిల్లిని ఎవరూ తీసుకోవడం లేదట. "విభూతి కీ మా హై" అంది నేల చూస్తూ. ఇంకేదో కూడా అనబోయింది. క్షమించమనేదేమో. వదిన ఆ మాట రానివ్వలేదు. బుట్ట అందుకుని, "ధన్యవాద్" అని తలుపు మూసేసింది. మూసిన తలుపుకి ఇవతల ఆవిడా, నా గుమ్మంలో నేనూ మిగిలాం. నేనూ లోపలికి రమ్మనలేదు.

తల్లి బక్కగా, అట్టలు కట్టిన జుట్టుతో ఉంది. వదిన దాన్ని విభూతి ముందు వదిలి, ఏదో జరగబోతున్నట్టు చేతులు కట్టుకుని నిలబడింది. విభూతి అప్పటికి బలిసిన పోతుపిల్లి, రాగిరంగు కళ్ళు. తల్లిని చూసి వీపు పైకెత్తి బుస్సుమంది. తల్లీ బుస్సుమంది. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. కొట్టుకోవడం మానేశాయి కానీ, బాల్కనీలో చెరో చివర కూర్చుని చెరో దిక్కు చూస్తూ ఉండేవి. పోయిన ఏడు తల్లి చచ్చిపోయేదాకా అంతే.

ఒక సాయంత్రం ఆ రెండింటినీ చూస్తూ, "ఆవిణ్ణి నేనింకా క్షమించలేదమ్మాయ్" అంది వదిన.

"అమ్మడం మానిపించారు, ఇల్లు ఖాళీ చేయించారు. ఇంకేం కావాలి వదినా?" అన్నాను.

వదిన కర్రతో బాల్కనీ రెండు చివరలూ చూపించింది. "తల్లిని తీసుకొచ్చి ఇచ్చింది. ఆ నాలుగు వారాలు తీసుకొచ్చి ఇవ్వలేదుగా" అంది.

అప్పటికి నేను నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తల్లి పక్కన ముడుచుకుని పడుకోవలసిన వయసొకటి ఉంటుంది. అది దాటిపోయాక తల్లిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టినా, కాలం పక్కకి తప్పుకుని వాళ్ళకి చోటివ్వదు.