ఉత్తరానికి శూల

మోటర్‌హోమ్‌లో వెళ్దామన్నది మా ఆయన. జూలైలో బడి సెలవులకి, సిడ్నీ నుంచి ఎండ వెతుక్కుంటూ పైకి, కెయిర్న్స్ దాకా. ఈ దేశంలో చలి దక్షిణాన, ఎండ ఉత్తరాన. జూలై వచ్చిందంటే మేముండే రౌస్ హిల్‌లో పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కుని ఆఫీసుకి వెళ్ళాలి. మా అత్తయ్య రెండు స్వెటర్లు, మంకీ క్యాప్ వేసుకుని హీటర్ ముందు కూర్చుని, "ఆషాఢంలో ఈ చలేమిటే అమ్మాయ్?" అని రోజూ నన్నే నిలదీస్తుంది, చలి నేను పుట్టించినట్టు.

ఆయనకింకా సెలవు దొరకలేదు, బండి బుక్ చెయ్యలేదు. దారిలో వినాల్సిన పాటలు మాత్రం ఫోన్‌లో వరసగా సర్దేసుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎలాగైతేనేం, సెలవు దొరికింది. మా ఇద్దరికీ, మా అమ్మాయికీ, అత్తయ్యకీ సరిపడా నాలుగు సీట్లు, నాలుగు పడకలున్న బండి చెప్పాం.

నాకు ఈ ప్రయాణంలో కావలసింది ఒక్కటే, అత్తయ్య రావడం. మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ "రిటైరయ్యాక అన్నీ చూపిస్తా" అని ఊరించి, రిటైరైన ఏడాదే పోయారు. ఆ తర్వాత ఆవిడ మా దగ్గరికి వచ్చేసింది. హారిస్ పార్క్‌లో కూరగాయల కొట్టు తప్ప ఇక్కడ ఆవిడ చూసిందేమీ లేదు. ఎక్కడికి రమ్మన్నా "నాకెందుకే ఇప్పుడు" అంటుంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడుపు కూడా వస్తుంది గానీ, ముందు మండుతుంది.

ఓ ఆదివారం మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "నానమ్మా, లుక్, దిస్ ఈజ్ యువర్ బెడ్. యూ గెట్ ద విండో!"

అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని ఫొటోలన్నీ శ్రద్ధగా చూసింది. నాకు ఆశ పుట్టింది.

"ఈ తలుపేమిట్రా, పొయ్యి పక్కన?"

"బాత్రూమమ్మా," అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి.

"పొయ్యి పక్కనా?"

"సెపరేట్ రూమేనమ్మా. డోర్ ఉంది కదా, ఫుల్లీ క్లోజ్డ్."

"మధ్యలో జానెడు లేదు. అక్కడ వండింది నా గొంతు దిగదు నాయనా. మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటా."

నేను అడ్డుపడ్డాను. "అసలు దాన్ని వాడొద్దత్తయ్యా. దారిపొడుగునా టాయిలెట్లున్నాయి. దాన్ని కడిగేసి స్టోర్‌రూమ్ చేసేద్దాం. బియ్యం, పప్పులు, ఆవకాయ జాడీ అన్నీ అందులోనే..."

నాలుక కరుచుకునేలోపే అయిపోయింది.

"ఆవకాయ మరుగుదొడ్లో పెడతావుటే?"

మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక గదిలోకి పారిపోయింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. "మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఇంక నేను అడగను," అనేసి లేచిపోయాను.

అన్నమాట ప్రకారం మళ్ళీ అడగలేదు. ముగ్గురమే కదా, చిన్న బండికి మార్చేద్దామా అని మా ఆయన అంటే, కాళ్ళు చాపుకోవడానికి చోటుండొద్దా అని కసిరాను.

రాత్రుళ్ళు బండి ఆపుకోవడానికి ఊరూరా కారవాన్ పార్కులుంటాయి. వాటికి ఫోన్లు చేసే పని నాది. మీ పార్కులో వంటకి విడిగా షెడ్డుందా, టాయిలెట్‌కీ దానికీ ఎంత దూరం అని అడిగేదాన్ని. ఓ పార్కావిడ, దూరమైతే ఇబ్బందా, దగ్గరైతే ఇబ్బందా అని అడిగింది. దగ్గరైతేనే అన్నాను. అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరని నవ్వింది. మా ఆయన బండిలో పొయ్యి జోలికి పోకుండా, బయట గుడారం కింద పెట్టుకునే చిన్న గ్యాస్ పొయ్యి కొనుక్కొచ్చారు. ఇదంతా ఎవరికోసమో మేమిద్దరం పైకి అనుకోలేదు. నేను ఫోన్ తీసినప్పుడల్లా హాల్లో అత్తయ్య టీవీ చప్పుడు తగ్గించేది. నాకు వినపడ్డానికి కాబోలు అనుకున్నాను.

బయల్దేరే రోజు మంగళవారమని తెలిసిన సాయంత్రం మాత్రం ఆవిడే వంటింట్లోకి వచ్చింది.

"మంగళవారం ఉత్తరానికి శూల. బయల్దేరకూడదు."

"బండి సోమవారం సాయంత్రం గానీ ఇవ్వరత్తయ్యా."

"అయితే ఆదివారం మంచి గడియలో ప్రస్థానం పెట్టు."

మంచిరోజున కదల్లేనివాళ్ళు, ఆ రోజున తమ బట్టలు సంచిలో పెట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. రాననే మనిషికి మా శూల ఎందుకని నోటిదాకా వచ్చింది. మింగేసి, మా ముగ్గురివీ తలో బట్టా ఇచ్చాను. సంచి ఆవిడే సర్ది, మూతి కట్టి, బొట్టు పెట్టి నా చేతికిచ్చింది.

మాకు ఉత్తరం పక్కింట్లో ఓ ఆస్ట్రేలియన్ పెద్దాయన ఒక్కరే ఉంటారు. బొట్టు పెట్టిన సంచితో గుమ్మంలో నన్ను చూసి, "మూవింగ్ ఇన్, లవ్?" అన్నారు. ఇక్కడి పెద్దవాళ్ళు ఎవర్నైనా 'లవ్' అనే పిలుస్తారు. విషయం చెప్పాను. ఆయన తలాడించి, సంచిని కిటికీ దగ్గర కుర్చీలో మర్యాదగా కూర్చోబెట్టారు.

మంగళవారం పొద్దున్న బండి గుమ్మం ముందు నిలబడింది. సామాన్లన్నీ ఎక్కించి, చివరికి సంచి తెచ్చుకోవడానికి వెళ్ళాను. బండి మెట్టుమీద కూర్చుని సంచి మూతి విప్పాను. మా ఆయన చొక్కా, నా చున్నీ, మా అమ్మాయి టీషర్టు. వాటి అడుగున మడత నలగకుండా ఒక నేత చీర. అత్తయ్యది.

పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను. ఆవిడ స్వెటర్లు, సాక్సులు, బూట్లు వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. పక్కన చిన్న పెట్టె.

"ఆదివారమే చీర పెట్టారు. వస్తానని చెప్పలేదేం?"

"నువ్వు మళ్ళీ అడగలేదుగా."

ఆవిడే మళ్ళీ అంది. "ఊరూరికీ ఫోన్ చేసి టాయిలెట్టెక్కడ, కిచెనెక్కడ అని ఒకటే అడుగుడు. ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు కూడా నాకు రావనుకున్నావుటే?"

కింద కూర్చుని ఆవిడ బూటు లేసు సరిగ్గా కట్టాను. కళ్ళు తుడుచుకోవడానికి కాస్త నెమ్మదిగానే కట్టాను. ఆవిడ నా భుజం పట్టుకుని లేచింది.

"ఆవకాయ ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడా పెట్టలేదత్తయ్యా. మీ ఒళ్ళో పెడతాను."