మద్రాసు కాలేజీ, నా కడుపులో పుండు

ఎస్సెల్సీ పరీక్షలు దగ్గర పడుతుండగా, ఒక పొద్దున బడి ప్రార్థనలో నిలబడి ఉన్నప్పుడు కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనున్న పిల్ల భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాను. కొంతకాలంగా పైకడుపులో మంట కూడా ఉండేది. ఆకలైతే మొదలయ్యేది, ఏదైనా తింటే తగ్గేది. తగ్గుతోంది కదా అని ఊరుకున్నాను.

మాది కడప. నాన్న మిషను బడిలో హెడ్మాస్టరు. మద్రాసులో చదవాలని ఆశపడి, ఇల్లు గడవక టీచరు ట్రైనింగుతో సరిపెట్టుకున్న మనిషి. నేను మద్రాసులో పేరున్న ఆడపిల్లల కాలేజీలో ఇంటర్మీడియట్ చేరాలని, ఆపైన డాక్టరు కావాలని ఇద్దరమూ అనుకున్నాం. బలవంతమేమీ లేదు. ఆయనకంటే నాకే ఆత్రం ఎక్కువ. తెల్లవారుజామున లేచి ఉత్త కడుపున కాఫీ తాగి లెక్కలు చేసేదాన్ని. తింటే నిద్ర వస్తుందని మధ్యాహ్నం క్యారియరు విప్పేదాన్ని కాదు. ఇంటికొచ్చాక సంగటి ముద్ద ఒక్కటే తిండి.

బడిలో కళ్లు తిరిగిన ఆ వారంలోనే విరేచనం తారులా నల్లగా పోవడం మొదలైంది. అమ్మకు చెప్పాను.

"రాగిసంగటి తినేవాళ్లకు నల్లగా కాక తెల్లగా పోతాదా? వేడి చేసింటాది, మజ్జిగ తాగు" అంది.

మా వైపు అందరూ అనుకునే మాటే. నేనూ నమ్మాను. నొప్పి వీపులోకి పాకాక నాన్నకు చెప్పాను. ఆయన నా నుదురు తాకి చూశాడు.

"జొరం లేదే. పరీక్షలయ్యేదాకా ఓర్చుకోమ్మా. అయినాక నేనే ఆసుపత్రికి పిల్చుకపోతా" అన్నాడు. సరేనన్నాను.

పరీక్షలు మొదలైన రెండోరోజు ఇంగ్లీషు పేపరు రాస్తూ హాల్లోనే నెత్తురు కక్కుకున్నాను. జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ నా కంటిరెప్ప కిందికి లాగి చూసి, విరేచనం ఏ రంగులో పోతోందని అడిగింది. అమ్మ సంగటి మాట చెప్పింది.

"ఇది సంగటి రంగు కాదమ్మా, రక్తం. లోపల శానా దినాల నుంచి బ్లీడింగ్ అవుతాండాది" అందామె.

బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ కావాలన్నారు. మా బడి డ్రిల్లు టీచరు వచ్చి రక్తమిచ్చింది. తేరుకున్నాక బేరియం మీల్ తాగించి ఎక్స్‌రే తీశారు. సున్నపు నీళ్లు మింగినట్టుంది. డుయోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదట్లో పుండు అన్నారు. గంట గంటకూ పాలు, మధ్యమధ్య కడుపులో ఆమ్లం తగ్గించే ఆల్కలీ పౌడరు. కారం, కాఫీ బంద్. అంతకు ముందు మా ఇంట్లో కారం లేని కూడు పసిబిడ్డలకే పెట్టేవారు.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే మళ్లీ నల్లగా కనబడింది. ఈసారి ఎవరూ సంగటిని అనలేదు. నాన్న చొక్కా కూడా వేసుకోకుండా జట్కా కోసం పరుగెత్తాడు. డాక్టరమ్మ ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఆపరేషన్ దాకా పోకుండా చూస్తా సార్. సెప్టెంబరులో మళ్లీ పెట్టే పరీక్ష మాట మాత్రం నా దగ్గర ఎత్తొద్దండి" అంది. నాన్న తల వంచుకున్నాడు. ఆయన మీద నాకు కోపమూ వచ్చింది, జాలీ కలిగింది.

మరుసటి ఏడు పరీక్ష రాసి మంచి మార్కులతో పాసయ్యాను. మద్రాసులో సీటూ వచ్చింది. నాన్న ఆ కబురు తీసుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. హాస్టలు తిండి ఇంకా కొన్నాళ్లు పడదని ఆమె చెప్పిందట. ఇంటికొచ్చి "నీ ఇష్టమమ్మా" అన్నాడు, నా ముఖం చూడకుండా. వంటింట్లో కూర్చుని బాగా ఏడ్చి, పోనని చెప్పాను.

ఇప్పుడు ఊళ్లోని కాలేజీలోనే చదువుతున్నాను. వేళకు తింటున్నాను. నొప్పి లేదు. మద్రాసు బండి కూత వినబడితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. లేదని అబద్ధం చెప్పలేను.

చదువుకునే పిల్లలున్నవారికి ఒక్క మాట. బిడ్డ నొప్పి అంటే, రేపు పరీక్ష ఉన్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మా ఇంట్లో ప్రేమకు లోటు లేదు. అయినా నాకు ఇలా జరిగింది.