లాబీ ఫోన్‌కి వచ్చిన ఇంటి కబురు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను బిలాస్‌పూర్‌లో చీఫ్ క్రూ కంట్రోలర్‌గా వేశారు. డ్రైవర్లు బండి ఎక్కేముందు, దిగాక వచ్చి సంతకం పెట్టే లాబీ నా చేతికింద ఉండేది. వచ్చినవాడి చేత మిషన్‌లో ఊదించి, తాగలేదని తేల్చుకోవాలి. తర్వాత ఎన్ని గంటలు పడుకున్నావని అడగాలి. "బాగానే ఉన్నాను సార్" అంటే కుదరదు, గంటలు చెప్పాల్సిందే. నిద్రలో కూడా అదే అడుగుతున్నానని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఇంకో ఆచారం ఉంది, ఏ రూలు పుస్తకంలోనూ కనబడదు. బండి మీదున్నవాడికి ఇంటి కబురు అందనివ్వం. ఇంజిన్‌లో మొబైల్ ఎలాగూ ఆపెయ్యాలి. ఇంటినుంచి లాబీకి ఫోన్ వస్తే మెసేజ్ బుక్‌లో రాసుకుని, దిగాక చెబుతాం. మనసు చెదిరినవాడు సిగ్నల్ దాటేస్తాడని మా భయం.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అప్పారావు కూతురు శిరీష. అప్పారావు గూడ్స్ డ్రైవరు, మా పక్క క్వార్టర్‌లోనే ఉండేవాడు. తల్లి పోయాక ఆ పిల్లకి అన్నీ తండ్రే. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. నాన్న ఫోన్ ఆపేసి ఉందంది.

"ఏటమ్మా, అర్జెంటా?" అన్నాను.

"నహీ అంకుల్, ఏటీ లేదు. ఊరికే," అంది.

నా ముందు ఆరుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. రాసి, కింద సంతకం పెట్టి, బుక్ పక్కకి తోసేశాను. సాయంత్రం అప్పారావు దిగేసరికి నా షిఫ్ట్ అయిపోయింది. నా తర్వాతివాడు బుక్ చూశాడు గానీ, అర్జెంటు కాదు కదా అని చెప్పడం మరిచాడు. అప్పారావు ఇంటికెళ్లి, ఆపిన ఫోన్ మళ్లీ ఆన్ చెయ్యకుండానే అలిసి పడుకుండిపోయాడు. పొద్దున్నే మళ్లీ బొగ్గు బండి ఎక్కాడు.

మర్నాడు అదే వేళకి అదే గొంతు. "అంకుల్, నేను ఫోన్ చేశానని నాన్నకి చెప్పారా?"

లేదని చెప్పడానికి నోరు రాక, అలవాటైన ప్రశ్నే అడిగాను. ఎన్ని గంటలు పడుకున్నావమ్మా?

నాలుగు రోజులుగా నిద్ర లేదుట. క్లాసులకి వెళ్లడం మానేసి రెండు వారాలైందిట. బతకాలని లేదన్న మాట మాత్రం హిందీలో అంది. తెలుగులో అనలేకపోయిందేమో.

నేను డాక్టర్ని కాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని తిన్నగానే అడిగాను. అవునంది. రూమ్మేట్‌ని పిలిపించి పక్కనుంచి కదలొద్దన్నాను, ఆమె చేతే వార్డెన్‌ని రప్పించాను. ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని వార్డెన్ చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు. ఈలోగా రెండో ఫోన్‌లో, బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసుకి చెప్పి, చాంపా స్టేషన్‌లో ఆగిన అతని బండిమీదకి వేరే డ్రైవర్ని వేసి అప్పారావుని దింపించాను. బండి లేటుకి కారణం ఏం రాయాలని కంట్రోల్‌వాడు కేకలేశాడు.

"నా పేరు రాసుకోవయ్యా బాబూ," అన్నాను.

అప్పారావు లాబీకి వచ్చాక కూర్చోబెట్టి, బుక్ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నిన్న రాత్రంతా ఇంట్లోనే ఉన్నాను కదండీ," అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. దొరికిన మొదటి బండికే విశాఖ వెళ్లాడు.

శిరీష ఒక సెమిస్టర్ మానేసి, తండ్రి దగ్గరుండి వైద్యం చేయించుకుంది. తర్వాత హాస్టల్‌కి వెళ్లిపోయింది. తండ్రి డ్యూటీలో ఉంటే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంది. బాగున్నావా అని అడగను, గంటలే అడుగుతాను. ఒక రోజు ఏడంటుంది, ఒక రోజు మూడంటుంది. మూడన్న రోజు డాక్టరుతో మాట్లాడేదాకా వదలను. ఓపిక తగ్గింది గానీ ఇదొక్కటీ మానలేదు.

రిటైరైన రోజు ఆ మెసేజ్ బుక్ తీసి చూశాను. "శిరీష. తండ్రితో మాట్లాడాలి. అర్జెంటు కాదు." నా దస్తూరీయే. గంటలు అడక్కుండా ఏ డ్రైవర్నీ బండి ఎక్కించలేదు నేను. ఆ పిల్ల "ఏటీ లేదు" అంటే మాత్రం ఒప్పేసుకుని, సంతకం కూడా పెట్టాను.