దీపం కొండెక్కితేనే కదిలే బండి

అందరూ బాగున్నారా? మోకాళ్ల నొప్పులున్న పెద్దలు మెట్లు నిమ్మళంగా దిగుతున్నారా? షుగరున్నవాళ్లు పొద్దున గోళీ మరిచిపోలేదు కదా? చంటిపిల్లలకు జలుబు తగ్గిందా? బాలింతలు చెవులకు గుడ్డ కట్టుకుంటున్నారా? అడగకుండా ఉండలేను. అడిగాక కూడా నా మనసు కుదుటపడదు.

మా ఇంట్లో మాత్రం బాగాలేదు. మా మరిది పోయాడు. నిజామాబాద్‌లో రాత్రి తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు.

బోధన్‌లో ఉన్న నాకు ఆ కబురు ఫోన్‌లో చెప్పింది మా యారాలి అన్న. యారాలంటే మరిది భార్య. నేను చెల్లె అని పిలుస్తాను. ఆయన గొంతు తగ్గించి, "అక్కా, దీపం కొండెక్కింది" అన్నాడు. నేను, "మంచిది, నిమ్మళంగ రమ్మనుండ్రి" అని ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద వాళ్లకు కూడా కలిపి ఎసరు పెట్టాను. బియ్యం కడుగుతుంటే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి మరిది కూతురు ఏడుస్తూ చెప్పింది.

ఎవరైనా అంత మాటను అట్లా అర్థం చేసుకుంటారా అనుకుంటారేమో. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. అది తెలియాలంటే మరిది కారు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ కారును ఉంచాలా, అమ్మాలా అన్నది కూడా ఇంటికి పెద్దదాన్నని నా మీదనే పెట్టారు.

మొదట్లో అన్నదమ్ములిద్దరూ బోధన్ దగ్గర చెరకు వేసేవారు. బావి మీది ఆయిల్ ఇంజన్ మరిది వంతు. తర్వాత నిజామాబాద్ పోయి పసుపు దుకాణం పెట్టుకున్నాడు గానీ, డీజిల్ ఇంజన్ మీది ప్రేమ మాత్రం పోలేదు. వెంట్రుకలు నెరిసినంక చిన్న కారు ఒకటి కొని మా వాకిట్లోకి తెచ్చాడు. పెండ్లికొడుకు గుణాలు చెప్పినట్టు దాని గుణాలు చెప్పాడు.

"పద్నాలుగొందల సీసీ వదినె. నాలుగు సిలిండర్లు. డెబ్బై గుర్రాల బలం!"

"డెబ్బై గుర్రాలా? ఒక్క ఎద్దు బెదిరితెనే మన బండి కాలువల పడ్డది. డెబ్బై బెదిరితె ఎట్లనయ్యా?"

"అవి బెదరయి. నువ్వు బెదిరియ్యకు."

నిజామాబాద్ దారిలో ఎడపల్లి దాటాక కారు ఊపందుకుంటే సన్నగా ఈల వినబడేది. కుక్కర్ పేలే ముందు అట్లాగే కూస్తుందని నా భయం. "ఆపు, సీటీ కొడ్తున్నది!" అని అరిచాను. పొగగొట్టంలో పోయే గాలితోనే ఒక చిన్న పంకా తిరిగి ఇంజన్‌కు ఇంకింత గాలి ఊదుతుందట. దానినే టర్బో అంటారట. "అన్నం ఉడుకుతున్నదనుకొని కూసో వదినె" అన్నాడు. వెనక కూర్చున్న మా ఆయన నవ్వీ నవ్వీ పొలమారి దగ్గాడు.

ఇల్లు చేరగానే తాళంచెవి తిప్పేవాడు కాదు. ఇంజన్‌ను కొంచెంసేపు ఊరికే నడవనిచ్చేవాడు. "ఉరికొచ్చినోని నోరు వెంటనే మూస్తరా? ఊపిరి తీసుకోనియ్యి" అనేవాడు. మనుషులతో కూడా అంతే. ఎవరు వచ్చినా నీళ్లు తాగేదాకా వచ్చిన పని అడిగేవాడు కాదు.

ఇక దీపం సంగతి. చలిపొద్దున ఆ బండి ఊరికే లేవదు. తాళంచెవి సగం తిప్పితే ముందర చిన్న పసుపు దీపం వెలుగుతుంది. లోపల తీగ వేడెక్కాక అది పోతుంది. అప్పుడు మిగతా సగం తిప్పాలి. ఒకరోజు బయలుదేరుతూ, "ఆగుండ్రి, దీపం ఆరిపోనియ్యిండ్రి" అన్నాడు. నేను కారెక్కబోతూ ఆగిపోయాను.

"పయనమైనప్పుడు గదేం మాటయ్యా! గట్లంటరా?"

"మరేమనాలె?"

"కొండెక్కిందనాలె."

తప్పైందని చెంపలు వేసుకున్నాడు. ఆనాటి నుంచి ఎప్పుడూ ఆ మాటే. నేను దారి పొడుగునా దిగులుపడతానని, నిజామాబాద్‌లో బయలుదేరే ముందు ఫోన్ చేసేవాడు. "వదినె, దీపం కొండెక్కింది" అనేవాడు. అంటే బయలుదేరారని. వెనక లైట్లు లేని చెరకు బండ్లు, రైలు గేటు, ఎదురొచ్చే లారీలు అన్నీ తలుచుకుంటూ నేను వాకిట్లో నిలబడేదాన్ని. కారు వచ్చేది. బయలుదేరిన ప్రతిసారీ వచ్చేది.

ఒక చలికాలం మరిది మా ఇంట్లోనే ఉన్నాడు. తెల్లవారుతుండగా మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆయనను కారులో పడుకోబెట్టాం. "తిప్పు, జల్ది తిప్పు!" అని నేను అద్దం మీద కొడుతున్నాను. మరిది సగం తిప్పిన చెవిని పట్టుకునే ఉన్నాడు గానీ మిగతా సగం తిప్పలేదు. "ఆగు వదినె. తొందరపడితె ఇది మొండికేస్తది" అన్నాడు. ఆ చిన్న దీపం ఎంతకీ పోదు. పోగానే ఒక్క తిప్పుకు బండి లేచింది. మా ఆయన ఈ రోజుకూ నా పక్కన కూర్చుని, ఇదంతా ఎందుకు రాస్తున్నావని గొణుగుతున్నాడు.

ఆ తర్వాత నేనే అడిగాను. "ఈ బండిని అంతగనం ఎట్ల నమ్ముతవయ్యా?" దానికి మరిది చెప్పిన మాట నా మనసులో ఉండిపోయింది. "చెడిపోని ఇంజన్ లేదు వదినె. చెడిపోయే ముందు చెప్పేదే నమ్మకమైన ఇంజన్. ఇది చెప్తది. పొగ మారుతది, సప్పుడు మారుతది. మనం ఇనాలె."

మరి తాను చెప్పలేదే? ఆ నెలలో రెండుసార్లు ఎడమ భుజం లాగుతోందన్నాడట. మూటలు ఎత్తినందుకేమో అన్నాడట. ఇన్ని దిగుళ్లు పడేదాన్ని, ఆ ఒక్కటీ నా దాకా రాలేదు.

మొన్న రెంజల్ నుంచి ఒకాయన కారు చూసి, తీసుకుంటానన్నాడు. యారాలు నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఆ సప్పుడు ఇంటే ఆయనే వాకిట్లకొచ్చినట్టయితది. పానం ఆగుతలేదు. అమ్మేద్దాం." అదే ఫోన్ కూతురు అందుకుంది. "నేను రోజు నడుపుకుంట పెద్దమ్మా. బాపు సప్పుడు గదొక్కటే మిగిలింది." తల్లి ఏ చప్పుడు నుంచి పారిపోతోందో, దాన్నే బిడ్డ పట్టుకుని వేలాడుతోంది. ఎవరిని కాదనాలి?

చివరికి ఇట్లా చెప్పాను. "చెల్లె, నువ్వు దాంట్ల కూసోని ఒక్కసారి నా దగ్గరికి రా. బిడ్డ నడుపుతది. వచ్చినంక నువ్వు అమ్ముమంటె అమ్ముదాం. నేను ఒక్క మాటనను."

యారాలు, "వస్త గని, ఎనక కూసుంట" అంది. కూతురు పక్కనుంచి, "ముందట నీ సీటే కదనే!" అంది.

నా దిగులు ఊరుకుంటుందా? బిడ్డను అడిగాను. "బ్రేకులు సూపిచ్చినవా? వెనక వచ్చేటియి అద్దంల కనవడ్తున్నయా?"

"అద్దంల ఏం కనవడది పెద్దమ్మా. బాపు ఎత్తుకు పెట్టి ఉన్నది. నాకు కారు టాపే కనవడ్తది. తిప్పబుద్ధి అయితలేదు. మెడ ఎనకకు తిప్పి సూసుకుంటున్న."

"అయ్యో, గట్ల నడుపుతరా! లారీలు తిరిగే తొవ్వ!"

నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. అంతలో యారాలు ఫోన్ తీసుకుంది. ఈసారి గొంతు కొంచెం గట్టిగా ఉంది.

"తిట్టకు అక్కా. ముందటనే కూసుంట. ఆ అద్దం నేనే తిప్పుత, పోరి ఎత్తుకు. వచ్చే గురువారం దశమి, పొద్దున బయలెల్లుతం."